కామా పెట్టే కారు

ఆదివారం ఉదయం పది గంటలకి పెనమలూరు దగ్గర కాలవగట్టు మీద ఎనభై కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. అన్నీ లకుముకి కంపెనీవే. లకుముకి పిట్ట పేరే కాదు, ఆ పిట్ట రంగులు కూడా వాటికి. నీలం వీపు, ఇటుక రంగు పొట్ట. ఏ కారుకీ స్టీరింగ్ లేదు. 2074లో స్టీరింగ్ ఉన్న కారు చూడాలంటే మ్యూజియానికి వెళ్లాలి.

గట్టు కింద రేకుల షెడ్డులో లకుముకి అభిమానుల సంఘం టిఫిన్లు తింటూ కొట్టుకుంటోంది.

"మింగేశాడమ్మా, మింగేశాడు!" అంటున్నాడు సంఘం అధ్యక్షుడు లోహిత్. డెబ్భై ఏళ్లు. కాలవల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాడు. "ముప్ఫై నాలుగు శాతం వాటా అంటూ వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడేళ్లలో మన కామాని మింగి తేన్చాడు."

"ఎవరు బాబాయ్?" అంది ఎదురుగా కూర్చున్న సమన్వి, తెలిసి కూడా. ఆమె కానూరులో పళ్ల డాక్టరు.

"ఇంకెవరు, ఓరిక్స్‌గాడు!"

"ఓరిక్స్‌గాడు ఏంటి బాబాయ్, మీ వీధిలో పిల్లాడా? పదకొండు దేశాల్లో ఫ్యాక్టరీలున్న కంపెనీ అది."

"ఎన్ని దేశాల్లో ఉంటే ఏంటి, మింగే నోరు ఒకటేగా!"

"ఆ నోరే లేకపోతే 2071లోనే లకుముకికి తాళం పడేది. బ్యాటరీ దొరక్క మీ కారుని కోళ్లగూడు చేసుకునేవాళ్లు."

"కోళ్లగూడైనా నాది అయ్యేది!"

షెడ్డంతా నవ్వింది. సమన్వి వదల్లేదు. "మీ నోట్లో పై పళ్లు నేను కట్టినవేగా? అవి మీవా, నావా?"

"నమిలేది నేను. నావే."

"మరదే కదా నేనూ చెప్పేది. రోడ్డు మీద నడిచేది లకుముకి. వెనకాల ఎవడి వాటా ఎంతైతే మీకెందుకు?"

"అమ్మాయ్, పళ్లు నాకిష్టమైనవి నమలడానికి కట్టావు నువ్వు. వాడు అట్టా కాదు. నా పళ్లతో వాడికిష్టమైనవి నములుతున్నాడు. తేడా లేదా?"

ఈసారి సమన్వి కూడా నవ్వేసింది. లోహిత్ ఆ ఊపులో ఒక పలకని బల్లమీద పెట్టాడు. ఓరిక్స్ కంపెనీకి మహజరు అది. మీద పెద్ద అక్షరాల్లో 'మా కామా మాకివ్వండి' అని ఉంది. అందరూ వరసగా బొటనవేళ్లు అద్దడం మొదలుపెట్టారు.

పలక తిరిగి తిరిగి చివరి బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడ ఒక్కతే కూర్చుని ఉంది హన్విక. అరవై రెండేళ్లు. బ్యాంకులో పనిచేసి మానేశానని సంఘంలో చెప్పుకుంది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం వస్తుంది, వింటుంది, వెళ్లిపోతుంది.

"హన్విక గారూ, మీరెప్పుడూ నోరు విప్పరేంటండీ?" అన్నాడు లోహిత్. "ఇవాళ తేల్చాల్సిందే. ఓరిక్స్ పార్టీయా, లకుముకి పార్టీయా?"

"నేను ఇడ్లీ పార్టీ అండీ," అంది హన్విక.

అందరితో పాటు తనూ నవ్వి, పలక మీద వేలు అద్దింది.  

ఈ ఎనభైమందీ మూడేళ్లుగా వెతుకుతున్న దొంగ ఓరిక్స్ కాదని, తనేనని ఆమెకి తెలుసు.

*

కార్లు తమంతట తాము నడవడం నేర్చిన మొదటి రోజుల్లో అన్నీ ఒకేలా నడిచేవి. ఏ కంపెనీ కారెక్కినా లిఫ్టులో నిలబడ్డట్టే ఉండేది. మోటార్లు ఒకటే, బ్యాటరీలు ఒకటే, సెన్సార్లు ఒకటే. ఇక ఈ కారే ఎందుకు కొనాలి అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ జవాబే నడకబీజం.

ఒక మనిషిని ఎంచుకుంటారు. స్టీరింగ్ ఉన్న ప్రత్యేకమైన కారు ఇచ్చి వేల కిలోమీటర్లు నడిపిస్తారు. చేతులు, పాదాలు, చూపు, ఊపిరి, మెడ తిరిగే తీరు, అన్నిటినీ సెన్సార్లు పట్టుకుంటాయి. ఆ మనిషి ఎక్కడ తొందరపడతాడో, ఎక్కడ దారి ఇస్తాడో, గుంత ముందు ఎలా ఆలోచిస్తాడో ఒక న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్నదాన్ని గింజలా చిన్నది చేసి కంపెనీ తయారుచేసే ప్రతి కారులోనూ నాటుతారు. అప్పట్నించి ఆ కంపెనీ కార్లన్నీ ఆ ఒక్క మనిషిలాగే నడుస్తాయి. ఆ మనిషిని మూలచోదకుడు అంటారు. మూలచోదకుడు ఎవరో బయటికి తెలియకూడదు. తెలిస్తే పోటీవాళ్లు ఎత్తుకుపోతారు. అందుకని బతికినన్నాళ్లూ నోరు మెదపనని ఒప్పందం రాయించుకుంటారు.

రోడ్లు మారుతుంటాయి కాబట్టి ఏటా తొంభై రోజులు మూలచోదకుడు మళ్లీ నడపాలి. దాన్ని సాన అంటారు. కత్తిని సాన పట్టినట్టే పాత బీజం మీద కొత్త నడక ఎక్కుతుంది. 2074లో ఈ దేశపు రోడ్ల మీద చేత్తో కారు నడిపే హక్కు మూలచోదకులకి తప్ప ఇంకెవరికీ లేదు.

లకుముకి మూలచోదకురాలు హన్విక. నాలుగు లక్షల కార్లు ఆమెలా నడుస్తాయి.

లకుముకికి అభిమానులు పుట్టుకొచ్చింది ఒకే ఒక్క అలవాటు వల్ల. సాఫీగా ఉన్న రోడ్డు దొరికితే ఆ కారు ఒక్కసారిగా నిశ్చలమైపోతుంది. వేగం పెరగదు, తగ్గదు. పక్కకి జరగదు. తొమ్మిది సెకన్లు చెరువు మీద పడవలా ఉంటుంది. ఆ తర్వాతే ముందు బండిని దాటడమైనా, మలుపైనా. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఉంటుందని ఎవరో దానికి కామా అని పేరు పెట్టారు. లకుముకి కామా పెడుతుంది, మిగతా కార్లు పెట్టవు. కామా కోసమే కొన్నవాళ్లున్నారు. కామాల్లో పసిపిల్లలు నిద్రపోతారని చెప్పుకునేవాళ్లు.

2071 మార్చిలో ఓరిక్స్ కంపెనీ లకుముకిలో వాటా కొంది. ఆ ఏడు సాన తర్వాత కామాలు తగ్గాయి. మరుసటేడు ఇంకా తగ్గాయి. ఇప్పుడు రోజంతా తిరిగినా ఒకటి కనబడితే గొప్ప. పెద్ద కంపెనీ తన నడకని దొంగచాటుగా చిన్న కంపెనీలో కలిపేస్తోందని అభిమానులు తీర్మానించారు. లెక్క సరిపోయింది. నెల కూడా సరిపోయింది.

ఆ నెలలో ఇంకొకటి కూడా జరిగిందని వాళ్లకి తెలియదు.

*

మంగళవారం మల్లవల్లిలోని లకుముకి ఫ్యాక్టరీ నుంచి హన్వికకి కబురు వచ్చింది.

ప్రయోగశాలలో ఆమెని కలిసింది డాక్టర్ షాహీనా. ఓరిక్స్ తరఫున వచ్చిన నడక శాస్త్రవేత్త. గుంటూరు మనిషి. ముప్ఫై ఏళ్లుంటాయి. తలుపు వేసి, కూర్చోమని కుర్చీ చూపించి, సూటిగా మొదలుపెట్టింది.

"మేడమ్, మేం బీజాన్ని ముట్టుకోలేదు. ఒక్క గింజ కూడా కలపలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా."

"నమ్ముతున్నాను," అంది హన్విక.

షాహీనా ఆశ్చర్యంగా చూసింది. "మూడేళ్లలో ఆ మాట అన్నది మీరొక్కరే. సరే, వినండి. మహజరు వచ్చింది. అన్ని ఊళ్ల సంఘాలూ కలిపి నలభై వేల వేలిముద్రలు. ఎలాగూ తిడుతున్నారు కాబట్టి కలిపేస్తే పోలా అంటున్నారు మావాళ్లు. మా దగ్గర పదివేల మంది నడకల్ని కలిపి చేసిన ఉమ్మడి బీజం ఉంది. వచ్చే నెల పన్నెండున బోర్డు మీటింగు. ఆ రోజు లకుముకి బీజాన్ని తీసేసి ఉమ్మడిది పెట్టేస్తారు."

"నా నడక?"

"చెరిపేస్తారు."

హన్విక చేతులు ఒడిలో పెట్టుకుంది.

"నాకది ఇష్టం లేదు," అంది షాహీనా గొంతు తగ్గించి. "నేను ఇంటర్ చదివేటప్పుడు లకుముకిలోనే కాలేజీకి వెళ్లేదాన్ని. కామాల్లో కళ్లకి కాటుక పెట్టుకునేదాన్ని, చెదిరేది కాదు. అందుకని కామా ఎందుకు పోయిందో కనుక్కుందామని పాత బీజాన్ని విప్పి చూశాను. ఒక విచిత్రం కనబడింది. చూడండి."

గోడ మీద బొమ్మ వచ్చింది. రోడ్డు, స్టీరింగ్ మీద చేతులు, కళ్ల కదలిక చూపే ఎర్ర చుక్క.

"ఇది 2064. ప్రతి కామాకీ రెండు సెకన్ల ముందు మీ చూపు ఎడమవైపు దిగుతోంది. అద్దం వైపు కాదు. రోడ్డు వైపూ కాదు. పక్క సీటు వైపు, ఇంత కిందికి. పదమూడేళ్లలో రెండు లక్షల సార్లు. 2071 నించి ఆ చూపు లేదు, కామా లేదు. మేడమ్, ఈ బీజంలో ఇద్దరున్నారు. స్టీరింగ్ ముట్టుకోని మనిషి ఒకరున్నారు. ఎవరు? మీరేం చూసేవారు?"

 పదహారేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగినా చెప్పకూడని ప్రశ్న. ఇప్పుడు అడుగుతున్నది కంపెనీయే.

"పెన్ను," అంది హన్విక.

*

ఆయన పేరు బెన్హర్. ఆటోనగర్‌లో సస్పెన్షన్ ఫిట్టరు. చిన్నప్పట్నించి మూర్ఛ ఉండడం వల్ల ఏనాడూ బండి నడపలేదు. అప్పటి చట్టం ప్రకారం సాన జరుగుతున్నంతసేపూ పక్క సీట్లో ఒక సాక్షి కూర్చోవాలి. కంప్యూటర్‌లో రాసింది ఎవరైనా మార్చొచ్చు కాబట్టి సాక్షి కాగితం మీద, చేత్తో దినచర్య రాయాలి. రాసింది డ్రైవరుకి చూపించకూడదు. ఇద్దరూ కారు బయట కలవకూడదు.

పదమూడేళ్లు, ఏటా తొంభై రోజులు, మైలవరం నించి అవనిగడ్డ దాకా, కొండపల్లి నించి నూజివీడు దాకా ఒకే కారులో తిరిగారు. 'మీరు' దాటి 'నువ్వు' అనుకోలేదు. ఆయన వేయించిన శనగలు జేబులో పోసుకుని వచ్చేవాడు, పొట్టు కిటికీలోంచి ఊదేవాడు. ఆమె ఇంట్లో ఎవరూ లేరని ఆయనకి తెలుసు. ఆయన చెల్లెలి పిల్లల్ని చదివిస్తున్నాడని ఆమెకి తెలుసు. అంతకన్నా ఎక్కువ మాట్లాడుకోవడానికి రోడ్డు ఖాళీ ఇవ్వలేదు.

మొదటి వారంలోనే ఆమె గమనించింది. ఆయన పెన్ను కాగితం మీద పెట్టగానే ఏదో గుంత తగిలేది, అక్షరం గీతలా సాగిపోయేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. కాగితం వైపు దిగులుగా చూసేవాడు. అప్పట్నించి ఆయన పెన్ను తీస్తే ఆమె కారుని నిలకడగా పట్టుకోవడం మొదలుపెట్టింది. తొమ్మిది సెకన్లు. ఒక వాక్యం పట్టేంత. ఆయన పెన్ను లేపాకే ఇంకేదైనా.

2071 మార్చిలో ఒక సోమవారం కారెక్కితే పక్క సీట్లో మనిషికి బదులు చిన్న కెమెరా ఉంది. చట్టం మారిందన్నారు, ఇక సాక్షులు అక్కర్లేదన్నారు. బెన్హర్ పోయాడన్న సంగతి గేటు దగ్గర నోటీసు బోర్డు చూసి తెలుసుకుంది. గుణదలలో సమాధుల తోట బయట నిలబడితే ఆయన చెల్లెలు వచ్చి, "మీరెవరమ్మా?" అని అడిగింది.

"దారిన పోయేదాన్ని," అంది హన్విక.

షాహీనా కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలకి ఏమీ అంటుకోలేదు.

"ఒక దారుంది మేడమ్," అంది కాసేపటికి. "2070 నాటి బీజం మా దగ్గర భద్రంగా ఉంది. ఆయన చివరిసారి కూర్చున్న సాన. దాన్ని శిలాబీజంగా నమోదు చేస్తే చట్టప్రకారం ఇక ఎవరూ మార్చలేరు. ఓరిక్స్ కూడా మార్చలేదు. కొత్త రోడ్లని మ్యాపుల ద్వారా నేర్పుకోవచ్చు. కామా ఎప్పటికీ ఉంటుంది. కానీ..."

"కానీ?"

"శిలాబీజానికి సాన ఉండదు. మూలచోదకురాలు హక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టాలి. మీ లైసెన్సు రద్దవుతుంది. ఇక జీవితంలో స్టీరింగ్ పట్టుకోలేరు."

హన్విక కిటికీలోంచి చూసింది. కింద పెరట్లో సాన కారు ఆగి ఉంది. ఏడాదిలో తొంభై రోజులు తను మనిషిననిపించే చోటు అది. మిగతా రెండువందల డెబ్భై అయిదు రోజులు కానూరు ఫ్లాట్‌లో, ఆదివారం ఇడ్లీల దగ్గర, ఆ తొంభై రోజుల కోసం ఎదురుచూసేది.

"ఈ ఏడు సానలో నేనే కామాలు పెడితే?" అంది. "మళ్లీ బీజంలోకి ఎక్కుతాయి కదా? స్టీరింగ్ ఉంటుంది, కామా ఉంటుంది."

షాహీనా ఆలోచించింది. "పెట్టగలరా?"

*

గురువారం ఉదయం హన్విక ఒక్కతే కారు తీసింది. షాహీనా ప్రయోగశాలలో తెర ముందు కూర్చుంది. మాట వినబడే ఏర్పాటు ఉంది.

మైలవరం రోడ్డు. రెండువైపులా మామిడితోటలు. సాఫీగా ఉన్న చోటు చూసి హన్విక పాదం నిలిపింది, చేతులు బిగించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు...

"మేడమ్, ఏమైనా ఇబ్బందా?" షాహీనా గొంతు. "అడ్డంగా ఏదైనా వచ్చిందా?"

"లేదు. కామా పెట్టాను."

అవతల మీటలు నొక్కిన చప్పుడు. "యంత్రం దాన్ని భయం కింద రాసుకుంది."

రెండోసారి చేతులు వదులుగా ఉంచి చూసింది. యంత్రం నిద్రమత్తు కింద రాసుకుంది. మూడోసారి ఎడమవైపు చూసింది. సీటు మీద కెమెరా ఎర్ర లైటు వెలుగుతోంది. నాలుగోసారి ఆ లైటునే పెన్ను అనుకుంది. అనుకోవడం కుదరలేదు. ఆ తొమ్మిది సెకన్లు ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేని చోట నిలకడ రావడం లేదు.

ఇరవై ఆరుసార్లు ప్రయత్నించింది. ఆగిరిపల్లి దగ్గర షాహీనాయే అంది, మెల్లగా.

"మేడమ్, మీరు లెక్కపెడుతున్నారు."

"అవును."

"అప్పుడు లెక్కపెట్టేవారు కాదు."

హన్విక కారు పక్కకి తీసి ఆపింది. స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచి కూర్చుంది. తను నడిపితే ఆయన చెరిగిపోతాడు. ఇంకో రెండు సానలు చాలు, ఏ కారులోనూ ఆయన జాడ మిగలదు. ఆయన ఉండాలంటే తను దిగిపోవాలి. కారులో ఇద్దరికీ చోటున్న రోజులు పోయాయి.

"కాగితాలు సిద్ధం చెయ్యండి డాక్టరుగారూ," అంది. "కానీ ఫ్యాక్టరీ దాకా నేనే నడుపుకొస్తాను. మెల్లగా వస్తాను. తొందర పెట్టకండి."

ముప్ఫై నిమిషాల దారికి ఆమె రెండు గంటలు తీసుకుంది. 

*

బోర్డు మీటింగులో శిలాబీజం నెగ్గింది. రెండు నెలల తర్వాత ఒక శనివారం ఉదయం నాలుగు లక్షల లకుముకి కార్లలోకి 2070 నాటి నడక తిరిగివచ్చింది. ఆదివారం కాలవగట్టు మీద కార్లు రెండు వందలు దాటాయి.

"తన్ని తగలేశాం!" అని లోహిత్ బల్ల గుద్దాడు. సాంబారు ఒలికింది. "ఉయ్యూరు నించి ఇక్కడికి పద్నాలుగు కామాలు! నా కళ్లతో లెక్కపెట్టాను. ఓరిక్స్‌గాడు తోక ముడిచాడు. ఇది అసలైన లకుముకి!"

"ఎవరు తిరిగి పెట్టించారో చదివారా బాబాయ్?" అంది సమన్వి. "ఓరిక్స్ డాక్టరు. ఓరిక్స్ బోర్డు. మీ కామా ఇప్పుడు ఓరిక్స్ ఇచ్చిన కామా."

"ఇచ్చాడా? మూడేళ్లు దాచి, మనం అరిస్తే కక్కాడు!"

"దాచినవాడికి మళ్లీ ఇవ్వాల్సిన ఖర్మేంటి?"

"అసలు నాకింకో అనుమానం ఉందమ్మాయ్. పాత కామా ఎనిమిదిన్నర సెకన్లే. ఇది తొమ్మిది. ఆ అర సెకను ఎవడిది?"

"రామ రామ!" అని సమన్వి తల పట్టుకుంది. రెండు వందలమంది ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఎనిమిదిన్నర పార్టీ, తొమ్మిది పార్టీ అప్పటికప్పుడు తయారయ్యాయి. షెడ్డు రేకులు అదిరిపోయాయి.

హన్విక ఇడ్లీ సగంలో వదిలి లేచింది. గట్టెక్కి తన కారులో కూర్చుంది. స్టీరింగ్ లేని కారులో ఎటు కూర్చున్నా ఒకటే. ఆమె ఎడమవైపు కూర్చుంది.

ఒడిలో అట్టపెట్టె ఉంది. నిన్న షాహీనా పంపింది. పైన చీటీ. 'మీరిప్పుడు మూలచోదకురాలు కారు కాబట్టి సాక్షి రాతలు మీరు చదవకూడదన్న నిబంధన మీకు వర్తించదు. ఆయన చెల్లెల్ని అడిగాను, మీకే ఇమ్మంది. నేను తెరవలేదు.'

పదమూడు నోటుపుస్తకాలు. పదమూడేళ్లుగా తను రోడ్డుని చదును చేసి ఇచ్చిన వాక్యాలన్నీ అందులో ఉన్నాయి. తన నడక గురించి ఆయన ఏమనుకున్నాడో ఉంది. కారు కదలగానే మొదటి పుస్తకం తెరిచింది.

'19 నవంబరు 2058. మైలవరం దాటాం. డ్రైవరమ్మగారి భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. పాపం, భయం కాబోలు. నేను పెన్ను కాగితం మీద పెట్టగానే భుజాలు దిగాయి. ఎందుకో తెలియలేదు.'

'20 నవంబరు. నిన్నటి సంగతి మళ్లీ చూశాను. పెన్ను పెడితే ఆవిడ భుజాలు దిగుతున్నాయి. తీస్తే లేస్తున్నాయి. రాస్తున్న చప్పుడు వింటే ఆవిడకి విశ్రాంతి అనుకుంటాను.'

'21 నవంబరు. చట్టం ప్రకారం గంటకి ఒక్క వాక్యం రాస్తే చాలు. ఈ గంటది అయిపోయింది. అయినా రాస్తాను. ఆవిడ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.'

హన్విక పేజీ తిప్పింది. ఆ తర్వాతి పేజీలో వాక్యం లేదు.

క ఖ గ ఘ ఙ చ ఛ జ ఝ ఞ.

కింద మళ్లీ అదే. ఆ కింద అదే. పేజీ నిండా, అటుపక్క పేజీ నిండా, గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ చెదరలేదు. గబగబా తిప్పింది. రెండో పుస్తకం, అయిదో పుస్తకం. గంటకి ఒక వాక్యం. వాక్యానికీ వాక్యానికీ మధ్య వందల వరసల అక్షరమాల. ఒకచోట మాత్రం మార్జిన్‌లో చిన్నగా, 'చెయ్యి నొప్పి పుడుతోంది. పరవాలేదు. ఆవిడ అలసట ముందు ఇదెంత.'

ఆమెకి ఎక్కడా అలసట లేదు. ఆయన అక్షరం చెదరకూడదని భుజాలు దించి, ఊపిరి బిగబట్టి, నరాలన్నీ చేతుల్లోకి తెచ్చుకుని కారుని పట్టుకునేది. రోజు మొత్తంలో ఆమెకి అన్నిటికన్నా కష్టమైన పని ఆ తొమ్మిది సెకన్లే.

ఆమెకి విశ్రాంతి ఇవ్వడానికి ఆయన రాశాడు. ఆయన రాసుకోవడానికి ఆమె కష్టపడింది. రాయాల్సింది లేదు, అలసిపోయినవాళ్లు లేరు. రెండు లక్షల సార్లు. ఒక్కసారి ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగి ఉంటే మర్నాటికే ఆగిపోయేది. ఆ పొరపాటుని నెట్‌వర్క్ శ్రద్ధగా నేర్చుకుంది, గింజ కట్టింది, నాలుగు లక్షల కార్లలో నాటింది. అది ఎవరిదో తేల్చడానికి అక్కడ షెడ్డులో రెండు వందలమంది గొంతులు చించుకుంటున్నారు.

హన్విక నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. కళ్లలోంచి నీళ్లు కారి పుస్తకం మీద పడితే కొంగుతో ఒత్తి, మళ్లీ నవ్వింది.

"ఏమైనా చెప్పారా?" అంది కారు. "శబ్దం అర్థం కాలేదు."

"లేదు. నువ్వు పోనియ్యి."

"కానూరు ఇంకో ఆరు నిమిషాల్లో."

ఆమె ఒడిలోకి చూసుకుంది. ఇంకా పన్నెండు పుస్తకాలున్నాయి. వాటిల్లో గంటకొకటి చొప్పున వాక్యాలున్నాయి. ఆరు నిమిషాలు చాలవు.

"కానూరు వద్దు. అవనిగడ్డ దాకా పోనియ్యి, కరకట్ట మీదుగా."

"అక్కడ ఎవరిని కలవాలి?"

"ఎవరినీ కాదు. చదువుకోవాలి."

కారు గట్టు దిగి కృష్ణ పక్కన రోడ్డెక్కింది. హన్విక కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి, వరస తర్వాత వరస చదవసాగింది. క ఖ గ ఘ ఙ. ఒక్కటి కూడా వదలకుండా.